బెర్నీస్ కొండ ఎక్కిన రోజు

మే నెల ముప్పై ఒకటో తారీఖు పొద్దున ఆరు గంటలకు డెలాయ్ టోల్బర్ట్ ఆ రోజు పథకమంతా తన పళ్లెంలోని పాన్‌కేకు మీద గీశాడు. ఫోర్కుతో మధ్యలో ఒక గాడి పెట్టి అందులో పాకం పోశాడు. అది నది. పైకి వెళ్లాక ఆ గాడిని రెండుగా చీల్చాడు. కుడి చీలిక తూర్పు గండి, ఎడమ చీలిక పడమటి గండి. తూర్పు గండి చివర చిన్న వెన్నముద్ద పెట్టాడు. అది నిచ్చెన బాట.

"ఆవులు తూర్పు గండిలో. నీ అతిథులు పడమటి గండిలో. వీళ్ల మొహం వాళ్లు చూడరు, వాళ్ల మొహం వీళ్లు చూడరు. నాలుగింటికల్లా రెండొందల పన్నెండు ఆవులూ కొండ మీద ఉంటాయి. ఐదింటికి నేను బూట్లు విప్పుకుని కూర్చుంటాను," అన్నాడు.

భార్య ఆర్వా పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, "మొన్నా ఇదే పాన్‌కేకు గీశావు, నిన్నా ఇదే గీశావు," అంది.

"గీయడంలో లోపం లేదక్కా. ఆవులే దాన్ని సరిగ్గా చదవలేదు," అన్నాడు ఆమె తమ్ముడు రూయెల్, బావ పళ్లెం వైపు ఆశగా చూస్తూ.

డెలాయ్ నదిని తుంచి నోట్లో వేసుకున్నాడు. అతనికి కోపం వచ్చినప్పుడు తినడమే అలవాటు.

టోల్బర్ట్‌ల మంద చలికాలమంతా గండి అడుగున, నది ఒడ్డున మేస్తుంది. ఎండలు ముదరగానే కొండ మీది బయలుకు ఎక్కుతుంది. డెలాయ్ తాత కాలం నుంచీ అంతే. కింద నేలా పైన నేలా ప్రభుత్వానివే. మేతకు అనుమతి మాత్రం టోల్బర్ట్‌లది. ఆ అనుమతికి ఒకటే పెద్ద షరతు ఉంది. మే ముప్పై ఒకటి సాయంత్రానికి నది ఒడ్డున ఒక్క గిట్ట కూడా మిగలకూడదు. గడ్డి మళ్లీ మొలవాలి కదా. నిరుడు మూడు రోజులు ఆలస్యమైంది. కార్యాలయం నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చింది. మరోసారి ఇలా జరిగితే వచ్చే చలికాలం మేతలో మూడో వంతు కోస్తామని ఆ మర్యాద సారాంశం. మూడో వంతు మేత పోతే డెబ్బై ఆవుల్ని వదులుకోవాలి. ఏ డెబ్బై? డెలాయ్‌కి ప్రతి ఆవు తల్లీ, అమ్మమ్మా కూడా తెలుసు.

మంద కొండ ఎక్కే దారి ఒక్కటే, ఆ నిచ్చెన బాట. ఎర్రరాతి గోడలో పద్నాలుగు మలుపులతో తొలిచిన దారి అది. ఒక ఆవు పట్టేంత వెడల్పు. ముందు ఆవు ఎక్కితే వెనకవి ఎక్కుతాయి. ఆ ముందు ఆవు పేరు బెర్నీస్. పద్నాలుగేళ్ల ఎర్రావు, ఒక కొమ్ము కిందికి వంగి ఉంటుంది. గత రెండు రోజులూ బెర్నీస్ బాట మొదలు దాకా వచ్చింది, పైకి చూసింది, పడుకుంది. బెర్నీస్ పడుకుంటే మిగతా రెండొందల పదకొండూ పడుకుంటాయి. రెండు రోజులూ డెలాయ్, రూయెల్ వాటి చుట్టూ గొంతులు పోయేలా అరిచారు. ఆవులు నెమరు వేశాయి.

"నేను రానా? ఒక్క గంట పని," అంది ఆర్వా.

అది ఆమె మూడోసారి అడగడం. డెలాయ్ ఫోర్కు కింద పెట్టాడు.

"ఆవుల్ని నడపడం నా పని, ఆర్వా. చాపలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్లని నడపడం నీ పని. నీ పనిలో నేను వేలు పెడుతున్నానా?"

రెండేళ్ల కిందట ఆర్వా నది ఒడ్డున చెట్ల కింద ఆరు గుడారాలు వేయించింది. గండిలో నడిచేవాళ్లు, రాళ్లెక్కేవాళ్లు, పడవలేసుకొచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాటిల్లో దిగేవారు. డెలాయ్‌కి వాళ్లంటే పడదు. గేట్లు తెరిచి వదిలేస్తారని మొదటి ఫిర్యాదు, దూడలకి పేర్లు పెడతారని రెండోది.

ఆర్వా పొయ్యి ఆర్పింది. పీచ్ పళ్లు పెట్టి కాల్చిన తీపిరొట్టె ఒకటి గుడ్డలో చుట్టి, పికప్పు ఎక్కింది. కొండ మీదికి బండి దారిన వెళ్లాలంటే చుట్టూ తిరిగి మూడు గంటలు. పైన గేటు దగ్గర మేతభూముల అధికారిణి థియా ఓల్డ్‌రాయ్డ్ ఆవుల్ని లెక్కపెట్టడానికి వచ్చి కూర్చుంటుంది. ఆమెకు తోడుగా ఎవరో ఒకరు ఉండాలి కదా.

"అక్క నొచ్చుకుంది బావా," అన్నాడు రూయెల్.

"సాయంత్రం మంద పైకొచ్చాక అదే సర్దుకుంటుంది. నా దగ్గర ఈ రోజు ఆయుధం ఉంది, పద."

ఆ ఆయుధం ఒక హారన్. డిసెంబరులో గుర్రం మీంచి పడి డెలాయ్ కాలు విరిగింది. మార్చి దాకా మంచం దిగలేదు. ఆ మూడు నెలలూ మందకు దాణా వేసింది ఆర్వా. పాత లారీలో దాణా తీసుకెళ్తే ఆవులు వాటంతటవే వస్తాయి, అందులో గొప్పేముంది అని డెలాయ్ అభిప్రాయం. వాటంతటవే ఎందుకు వస్తాయి? లారీ హారన్ విని. అంటే బెర్నీస్‌కి హారన్ వినిపిస్తే చాలు. ఈ తర్కం రాత్రి అతనికి నిద్ర పట్టకుండా చేసింది. తెల్లారేలోపే లారీ హారనూ బ్యాటరీ ఊడదీశాడు. హారన్ తీగను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. పక్కనే వాటి గూడు, అదీ ఎండి దుమ్ముపట్టి ఉంది. తీగ కొత్తది వేశాడు. ఎలుకలు ఆ తీగ ఎప్పుడు కొరికాయి అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు.

ఆ హారనూ బ్యాటరీ కంచరగాడిద వీపు మీద కడుతుండగా కొట్టం గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు అనిపించి డెలాయ్ తిరిగి చూశాడు. పొడుగ్గా, నెరిసిన జడతో ఒక ఆవిడ. మెడలో పలక వేలాడుతోంది. పేరు ఒడెట్ అని ఆర్వా చెప్పింది. ఎనిమిది మందిని వెంటబెట్టుకుని మౌనయాత్రకు వచ్చింది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా వాళ్లెవరూ నోరు విప్పరు.

ఒడెట్ పలక మీద రాసి చూపించింది: "మా గిలక్కాయ దారి గతుకుల్లో పగిలిపోయింది. ఊపితే చప్పుడయ్యేది ఏదైనా ఇస్తారా?"

"గిలక్కాయా? పసిపిల్లలున్నారా మీతో?"

ఆమె ఓపికగా తుడిచి మళ్లీ రాసింది: "పిలవడానికి. ఒకసారి ఊపితే దగ్గరికి రండి. ఆపకుండా ఊపితే త్వరగా నా వెంట రండి."

డెలాయ్‌కి తొందరగా ఉంది. కొట్టం అరమీద ఒక నీలం రంగు కాఫీ డబ్బా కనిపించింది. ఊపి చూశాడు. అడుగున గుప్పెడు దాణా బిళ్లలు గలగలలాడాయి. "ఇది పట్టుకెళ్లండి. చీలిక దగ్గర బోర్డు ఉంటుంది, బాణం ఎటు చూపిస్తే అటే వెళ్లాలి. రెండోవైపు మాత్రం రాకండి, అటు ఆవులుంటాయి."

ఆవిడ చేతులు జోడించి డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మాట్లాడని అతిథులు అంత చెడ్డవాళ్లేం కాదని డెలాయ్‌కి మొదటిసారి అనిపించింది.

ఎనిమిదింటికి మంద చీలిక దాటింది. "అతిథులు ఇటు" అని రూయెల్ నిన్న సాయంత్రం పాతిన బోర్డు పడమటి గండివైపు చక్కగా బాణం చూపిస్తూ నిలబడి ఉంది. మంద ముందు నడుస్తున్న బెర్నీస్‌కి మెడ దురద పెట్టింది. గుంజకు మెడ ఆనించి తీరిగ్గా రుద్దుకుంది. గుంజ వదులుగా పాతింది కావడంతో మెల్లగా తూర్పు గండివైపు తిరిగింది. మంద వెనక దుమ్ములో వస్తున్న డెలాయ్, రూయెల్ అక్కడికి చేరేసరికి కళ్లలో మట్టి పడి బోర్డు కేసి చూడనే లేదు. ఇదంతా తర్వాత అడుగుజాడలు చూసి తేల్చుకున్న సంగతి.

పది గంటలకు నిచ్చెన బాట మొదట్లో బెర్నీస్ ఆగింది. పైకి చూసింది. పడుకుంది.

"పడుకో తల్లీ, పడుకో," అన్నాడు డెలాయ్ గుర్రం మీంచి, ఉత్సాహంగా. "రూయెల్, జడ్జిని ఎక్కించు!"

జడ్జి అంటే ఆ కంచరగాడిద. దాని మొహంలో ఎప్పుడూ ఎవరికో శిక్ష వేయబోతున్న గాంభీర్యం ఉంటుంది. రూయెల్ దాన్ని రెండో మలుపు దాకా నడిపించుకెళ్లి, హారన్ మీట నొక్కాడు.

ఆ గండిలో చీమ తుమ్మినా ఏడుసార్లు వినబడుతుంది. హారన్ మోత ఒక గోడకు కొట్టుకుని రెండో గోడకు వెళ్లి, మళ్లీ మొదటిదానికి వచ్చి, గండి మొత్తం ఒకటే ఊళగా మారింది. బెర్నీస్ లేచింది.

"లేచింది! లేచింది రా!" డెలాయ్ జీనులో సగం లేచాడు.

బెర్నీస్ లేచి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పరుగెత్తింది. దాని వెనక మందంతా చెల్లాచెదురై నది ఒడ్డు పొదల్లో దూరిపోయింది.

"ఆపు! ఆ హారన్ ఆపు!"

"నేను ఎప్పుడో చెయ్యి తీసేశాను బావా! అదే ఆగట్లేదు!"

మీట ఇరుక్కుపోయింది. వీపు మీద ఆగకుండా ఊళ పెడుతున్న వస్తువును జడ్జి ఎక్కువసేపు భరించలేదు. రూయెల్ చేతిలోంచి తాడు లాక్కుని, బాట దిగి, పక్కనున్న ఇరుకు సందులోకి దూసుకుపోయింది. దాని వెనక రూయెల్. ఇద్దరూ కనబడకుండా పోయారు. ఊళ మాత్రం నాలుగు దిక్కుల నుంచీ వస్తూనే ఉంది.

డెలాయ్ టోపీ తీసి నేలకేసి కొడదామనుకున్నాడు. ఆ క్షణంలోనే కింది మలుపు తిరిగి మనుషులు పరుగెత్తుకు రావడం కనిపించింది. ఒకరి వెనక ఒకరు, తొమ్మిది మంది. అందరి నోళ్లూ బిగించి ఉన్నాయి.

వాళ్లు బాణం చూపించిన దారినే వచ్చారు, పాపం. దారంతా పచ్చి పేడ చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. కానీ మాట్లాడకూడదు కదా. అప్పుడే ఊళ మొదలైంది. ఒడెట్ సంచిలోంచి ఆర్వా అందరికీ పంచిన కాగితం తీసింది. అందులో ఇలా ఉంది: "పొడవుగా కూత వినిపిస్తే ఎగువన ఎక్కడో వాన పడి వరద వస్తోందని అర్థం. ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, నమ్మకండి. ఏ బాట దగ్గరైతే ఆ బాటన వెంటనే ఎత్తుకు ఎక్కండి."

దగ్గరి బాట నిచ్చెన బాటే.

"మీరిక్కడికెలా వచ్చారండీ? ఎక్కడికి వెళ్తున్నారు?" డెలాయ్ గుర్రాన్ని అడ్డం పెట్టబోయాడు.

ఒడెట్ కాగితం చూపించింది, ఎగువకు చెయ్యి చూపించింది, అతన్ని కూడా రమ్మని సైగ చేసింది. ఎనిమిది మంది తలలాడించారు.

"ఏంటండీ అది? నోటితో చెప్పండి!"

చెప్పలేదు. గుర్రాన్ని తప్పించుకుని బాట ఎక్కేశారు. మొదటి మలుపు తిరుగుతూ ఒడెట్ వెనకబడ్డవాళ్లను తొందరపెట్టడానికి నీలం డబ్బా ఎత్తి ఆపకుండా ఊపింది.

గలగల గలగల.

పొదల్లోంచి ఒక ఎర్రటి తల బయటికి వచ్చింది. కిందికి వంగిన కొమ్ము. బెర్నీస్ చెవులు రెండూ ముందుకు నిక్కాయి. తర్వాత మరో తల, మరో పది, మరో యాభై. డెలాయ్ తన జన్మలో బెర్నీస్ పరుగెత్తగా రెండుసార్లే చూశాడు. ఇందాక ఒకసారి, ఇప్పుడు ఒకసారి. మందంతా పొదలు విరుచుకుంటూ అతని మీదికే వచ్చింది. అతని గుర్రం బుద్ధిగా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. రెండొందల పన్నెండు ఆవులు అతన్ని రాయిని దాటినట్టు దాటి, ఒకదాని వెనక ఒకటిగా నిచ్చెన బాట పట్టాయి.

డెలాయ్ గుర్రం మీంచి తలెత్తి చూశాడు. ఆ ఇరుకు బాట మీద ముందు తొమ్మిది మంది పట్నవాసులు, వెనక మంద. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. డబ్బా ఆగితే ఆవులు నెమ్మదిస్తాయి అనుకుని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"డబ్బా ఊపకండీ! ఊపకండీ!"

ఆ సందులో హారన్ ఇంకా ఏడుస్తూనే ఉంది. దాని మోతలో ఒక్క అక్షరం మునిగిపోయింది. మూడో మలుపులో ఒడెట్‌కి "ఊపండీ! ఊపండీ!" అని వినబడింది. ఆమె వెనక్కి చూసింది. తన మనుషుల వెనక ఆవులు, వాటి వెనక ఆవులు, కింద దాకా ఆవులే. మూగజీవాలు కూడా వరదకి జడిసి ఎక్కుతున్నాయని ఆమెకు అర్థమైంది. డబ్బా రెట్టింపు జోరుగా ఊపింది.

మందలో ఒక బుల్లి దూడ, పుట్టి వారం కాలేదు, తల్లిని దాటేసి మనుషుల కాళ్ల మధ్యకు వచ్చేసింది. హార్లన్ అనే భారీ మనిషి, ఊళ్లో పళ్ల డాక్టరట, అది పడిపోతుందేమోనని ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. దాని తల్లి అతని వీపుకు ముట్టె ఆనించి నడవడం మొదలుపెట్టింది. అతని వేగం పెరిగింది.

ఇంతలో హారన్ ఠక్కున ఆగిపోయింది. సందులోంచి రూయెల్ కంచరగాడిద తాడు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. తీగ లాగి తెంపేశాడు. చొక్కా చెయ్యి ఒకటి లేదు.

"బావా," అన్నాడు చుట్టూ చూసి, బెదిరిపోయి. "ఆవులేవి?"

డెలాయ్ వేలు పైకి చూపించాడు.

రూయెల్ తలెత్తి చూశాడు. గోడ మీద మలుపు మలుపుకూ ఎర్రటి ఆవుల వరస, కుట్టు కుట్టినట్టు. ముందు బెర్నీస్ తొమ్మిదో మలుపులో ఉంది. "ఎలా ఎక్కించావు బావా?"

అప్పుడు గానీ డెలాయ్‌కి తట్టలేదు, జరుగుతున్నదేమిటో. భయంలో పడి గమనించనే లేదు. మూడు రోజులుగా అడుగు కదపని మంద ఎక్కుతోంది. కర్ర లేదు, అరుపు లేదు. తడబడడం లేదు. ఇక ఐదే మలుపులు. ఒడెట్ చూపించిన కాగితం ఆర్వా పంచిన వరద హెచ్చరికనీ, తన హారన్‌నే వాళ్లు ఆ కూత అనుకున్నారనీ ఇప్పుడు వెలిగింది. ప్రమాదం ఎక్కడుందో కూడా తెలిసిపోయింది. హారన్ ఆగింది కాబట్టి వరద భయం తగ్గి వాళ్లు గనక నిలబడిపోతే, ఆ ఇరుకులో మంద నిలబడిపోతుంది. తిరగడానికి చోటు లేదు.

"ఆపకండీ!" అని అరిచాడు. "ఆపకండీ!"

ఈసారి హారన్ లేదు గానీ ప్రతిధ్వని ఉంది. ఒక అరుపు మీద మరో అరుపు పడి ఏడు ముక్కలైంది. పైకి చేరింది "ఆపండీ."

ఒడెట్ ఆపింది.

గలగల ఆగింది. హార్లన్ ఆగాడు, దూడ ఆగింది, బెర్నీస్ ఆగి డబ్బా వైపు ముక్కు చాచింది. పద్నాలుగు మలుపుల బాటలో తొమ్మిది మలుపులు ఆవులతో నిండి గోడకు అతుక్కుని ఉన్నాయి. ఒక గులకరాయి దొర్లి కింద పడింది. ఆ చప్పుడు ఏడుసార్లు వినబడింది.

"బావా, అరవకు," అన్నాడు రూయెల్ గుసగుసగా. "నువ్వు ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లు తలకిందులు అవుతోంది."

డెలాయ్ గుర్రం దిగాడు. అతని తాత ఈ గండిలో మనిషిని పిలిచేటప్పుడు ఒక్కో మాటే అనేవాడు. అది ఏడుసార్లు తిరిగి చల్లారాక మరో మాట. అలాగే చేయాలి. కానీ ఏమని చెప్పాలి? వరద వస్తోంది, పరుగెత్తండి అని అబద్ధమాడితే క్షణంలో ఎక్కేస్తారు. ఆ ఇరుకులో భయపడి పరుగెత్తే మనుషులు, వాళ్ల వెనక ఆవులు. ఒకసారి అదృష్టం కలిసొచ్చింది. రెండోసారి దాన్ని అడగడం అతనికి ఇష్టం లేకపోయింది. పైగా ఆ దూడను మోస్తున్న మనిషిని చూశాక వాళ్లకి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

గొంతు సవరించుకున్నాడు.

"వరద," అన్నాడు. ఆగాడు. గోడలు ఆ మాటను అటూ ఇటూ విసురుకుని అలిసిపోయాయి. "లేదు." మళ్లీ ఆగాడు. "కూత... నాది."

పైన తొమ్మిది తలలు బాట అంచు నుంచి కిందికి వంగి చూశాయి.

"తప్పు," అన్నాడు డెలాయ్. ఆ మాట బయటికి రావడానికి గోడల కన్నా అతనే ఎక్కువ సమయం తీసుకున్నాడు. "నాది."

గండి ఆ ముక్కను చాలా శ్రద్ధగా అందుకుంది. తప్పు, తప్పు, తప్పు. నాది, నాది, నాది. ఆ గోడ నుంచి ఈ గోడకు, ఈ గోడ నుంచి ఇంకా పైకి, కొండ మీది బయలు దాకా.

"దయచేసి. ఊపుతూ. నడవండి."

ఒడెట్ చాలాసేపు కిందికి చూసింది. తర్వాత బెర్నీస్ మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో ఏమో, ఆమె పెదాలు మొదటిసారి విచ్చుకున్నాయి. మాటకు కాదు, నవ్వుకు. డబ్బా ఎత్తి ఊపింది. ఈసారి కంగారు లేదు. నిదానంగా, అడుగుకో గలగల. వెనక ఎనిమిది మంది వరసలో సర్దుకున్నారు. ఇందాకటి వరకూ పారిపోతున్నవాళ్లు ఇప్పుడు మంద నడిపిస్తున్నవాళ్లలా భుజాలు విరుచుకుని నడిచారు. ఒకావిడ టోపీ తీసి, వెనక ఆవు చురుగ్గా రాకపోతే దాని కేసి ఊపింది కూడా. ఆవు చురుగ్గా వచ్చింది.

డెలాయ్ గుర్రాన్ని నడిపించుకుంటూ మంద తోక వెనక ఎక్కాడు. దుమ్ము మింగాడు. పదో మలుపు, పన్నెండో మలుపు. ఒక్క ఆవు వెనక్కి తిరగలేదు. అతని ఛాతీలో ఏదో ఉబ్బుతూ వచ్చింది. అది సంతోషమని అతనికి పదమూడో మలుపులో తెలిసింది.

"పాడాలనిపిస్తోంది రూయెల్," అన్నాడు.

"వద్దు బావా. గోడలున్నాయి."

కొండ మీద గేటు దగ్గర మడతకుర్చీలో థియా ఓల్డ్‌రాయ్డ్ కూర్చుని ఉంది, బొటనవేలు కింద, నొక్కితే ఒక్కో అంకె పెరిగే లెక్కల మీటతో. ఆర్వా గేటు పట్టుకుని నిలబడింది. మొదట గేటులోంచి ఎర్రమట్టి పూసుకున్న ఒక పొడవాటి ఆవిడ డబ్బా ఊపుతూ వచ్చింది. తర్వాత నోరు విప్పకుండా ఏడుగురు. తర్వాత దూడను మోస్తూ ఒక పళ్ల డాక్టరు, వెనకే దూడ తల్లి. తర్వాత బెర్నీస్.

"కొత్తగా పనివాళ్లని పెట్టుకున్నారా?" అంది థియా, మీట నొక్కుతూనే.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అంది ఆర్వా, కళ్లు ఆ డబ్బా మీద నిలిపి.

మూడుంపావుకి చివరి ఆవు గేటు దాటింది. దాని వెనక డెలాయ్. టోపీ నుంచి బూట్ల దాకా ఒకటే రంగు. థియా మీట కేసి చూసి, లేచి నిలబడింది.

"రెండొందల పన్నెండు ఆవులు. ఒక దూడ భుజాల మీద. టైముకు ముందే వచ్చారు, డెలాయ్ గారూ. పదేళ్లుగా ఈ గేటు దగ్గర కూర్చుంటున్నాను. ఒక్క అరుపు లేకుండా మంద ఎక్కడం ఇదే మొదటిసారి చూడడం." కాస్త ఆగి, "ఏవో రెండు మాటలు మాత్రం కింది నుంచి వినిపించాయి," అంది.

"ఏడేసి సార్లు," అంది ఆర్వా.

డెలాయ్ మెడ ఎర్రబడింది. దుమ్ము ఉండబట్టి ఎవరికీ కనబడలేదు.

ఆర్వా ఒడెట్ దగ్గర డబ్బా తీసుకుని మూత తీసింది. రెండు దాణా బిళ్లలు అరచేతిలో పెట్టి బెర్నీస్‌కి పట్టింది. బెర్నీస్ ఆ చేతిని నాకి, ఆమె భుజం మీద తల పెట్టింది.

"ఈ డబ్బా ఎవరిచ్చారు ఆవిడకి?"

"నేనే," అన్నాడు డెలాయ్. "ఏదో డబ్బా కదా అని..."

"డిసెంబరు నుంచి మార్చి దాకా రోజూ పొద్దున మంచులో నిలబడి ఈ డబ్బా ఊపాను. దీని చప్పుడు వింటే అవి నది ఈదుకుని వచ్చేవి."

"మరి హారన్?"

"హారనా? ఎలుకలు ఆ తీగ తినేసి రెండేళ్లయింది, డెలాయ్. అప్పుడే చెప్పాను నీకు."

ఎండిపోయిన ఎలుక గూడు డెలాయ్ కళ్లముందు కదిలింది. ఈ మంద అసలు హారన్ అనేదే మర్చిపోయింది. అది వినగానే ఆవులెందుకు పారిపోయాయో ఇప్పుడు తెలిసింది.

"మొన్ననే చెప్పొచ్చుగా, డబ్బా సంగతి?"

"చెప్పడానికే అడిగాను, నేను రానా అని. మొన్న అడిగాను. నిన్న అడిగాను. ఇవాళ పాన్‌కేకు దగ్గర అడిగాను."

రూయెల్ అక్కడి నుంచి మెల్లగా పీచ్ పళ్ల రొట్టె ఉన్న వైపు జరిగాడు.

డెలాయ్ భార్య కేసి చూశాడు. ఆమె వెనక రెండొందల పన్నెండు ఆవులు పచ్చటి బయలు మీద పరుచుకుని తలలు వంచి మేస్తున్నాయి. వాటిలో ఒక్కదాన్నీ వదులుకోనక్కర్లేదు. గేటు పక్కన గడ్డిలో తొమ్మిది మంది అతిథులు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఎర్రటి మొహాలు, మెరిసే కళ్లు. హార్లన్ ఒళ్లో దూడ నిద్రపోతోంది; తల్లి పక్కనే కాపలా నిలబడింది. వాళ్లని క్షమాపణ అడగాలని డెలాయ్ రెండడుగులు వేశాడు. అతను నోరు తెరిచేలోపే ఒడెట్ పలక ఎత్తి చూపించింది.

"వీటిని కిందికి దించేది ఎప్పుడు? మేం వస్తాం."

ఎనిమిది మంది చేతులెత్తారు.

డెలాయ్ ఆ పలకను రెండుసార్లు చదివాడు. "అక్టోబరు రెండోవారం," అన్నాడు. తర్వాత ఆర్వా వైపు తిరిగి, "అంటే... నువ్వు రమ్మంటేనే," అని చేర్చాడు. ఆర్వా నవ్వు ఆపుకోలేకపోయింది. గండిలోకి దూకిన ఆ నవ్వు చాలాసేపు తిరిగి తిరిగి వచ్చింది.

థియా అట్టకు పెట్టిన కాగితం తెచ్చి డెలాయ్ ముందు పెట్టింది. తారీఖు, సంఖ్య నింపేసి ఉన్నాయి. ఒక్క గడి మాత్రం ఖాళీ: మందను నడిపించినవారి పేరు. ముప్పై ఏళ్లుగా ఆ గడిలో డెలాయ్ తన పేరే రాస్తూ వచ్చాడు. ఈసారి కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, నెమ్మదిగా ఆర్వా టోల్బర్ట్ అని రాశాడు.

భార్య పేరు అతను కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి కావడంతో అందులో ఒక అక్షరం తప్పు పడింది. ఆర్వా కలం తీసుకుని దిద్దింది.